లూప్ పెడల్ ఏది కొనాలి? ముందు దాన్ని ఆపి చూడు

అడిగిన తమ్ముడిది ఒంగోలు. అకూస్టిక్ గిటార్ వాయిస్తూ పాడతాడు. ఇన్నాళ్లూ కాలేజీ ఫంక్షన్లు, ఒకటి రెండు పుట్టినరోజు పార్టీలు చేశాడట. ఇప్పుడు పెళ్లి రిసెప్షన్లకు పిలుస్తున్నారు. రెండు గంటలు ఒక్కడే నడపాలి. "పదిహేను వేలు పెట్టగలను అన్నా. ఏ లూప్ పెడల్ తీసుకోవాలి? ఎక్కువ ట్రాకులు ఉన్నదైతే మంచిదా? స్టేజీ మీద ఎట్లా వాడాలి?" అని అడిగాడు.

నాది నెల్లూరు. ఆర్కెస్ట్రాల్లో గిటార్ పట్టుకుని ఇరవై ఏళ్లు దాటింది. లూప్ పెడల్ కాలి కింద పెట్టుకుని తొమ్మిదేళ్లు. పెడల్ అంటే తెలియనివాళ్లకు ఒక్క మాట: కాలితో నొక్కితే నువ్వు వాయించేది రికార్డు అవుతుంది, మళ్లీ నొక్కితే అదే ముక్క తిరిగి తిరిగి మోగుతుంది, దాని మీద ఇంకోటి వాయించి కలుపుకోవచ్చు. కలిపే పనిని ఓవర్‌డబ్ అంటారు. అట్లా తిరిగే ముక్కే లూప్, విడిగా నడిపి విడిగా ఆపగలిగే ఒక్కో లూప్ ఒక ట్రాకు. ఏ లూప్ పెడల్ అయినా ఈ పని చేస్తుంది. చౌకవి కూడా బాగానే చేస్తాయి. తేడా అంతా ఆపే దగ్గర వస్తుంది. అందుకే మోడళ్ల జోలికి పోయే ముందు నాకు జరిగింది చెప్తాను.

ఆరేళ్ల కిందట నెల్లూరులోనే ఒక కల్యాణమండపంలో రిసెప్షన్. అప్పట్లో నాది ఒంటి బటన్ పెడల్. గొంతు కూడా లూప్ చేద్దామని సరదా పుట్టి, చిన్న మిక్సర్ పెట్టి మైకును కూడా పెడల్‌లోకి పంపించాను. గిటార్ లూప్ మోగుతోంది, దాని మీద "ఊఁ" అని హమ్మింగ్ కలుపుతున్నాను. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఇంకో మైకు పట్టుకున్నాయన "ఏపీ ఇరవై ఆరు, తెల్లకారు, దారికి అడ్డంగా ఉంది, దయచేసి తీయండి" అన్నాడు. హాలు స్పీకర్లలో వచ్చిన ఆ మాట నా మైకులో దూరింది, అక్కణ్నించి పెడల్‌లో పడింది. ఇంక చూసుకో. పది సెకన్లకోసారి, మంచి తాళంలో, "దయచేసి తీయండి".

ఆపుదామని నొక్కాను. ఒంటి బటన్ పెడల్‌ని ఆపాలంటే గబగబా రెండుసార్లు నొక్కాలి. కంగారులో నా రెండు నొక్కుళ్లకు మధ్య ఎడం ఎక్కువైంది. పెడల్‌కు అది ఆపమన్నట్టు అర్థం కాలేదు. మొదటి నొక్కుకు ఓవర్‌డబ్ మొదలుపెట్టింది, రెండో నొక్కుకు దాన్ని ముగించి హాయిగా మోగుతూ పోయింది. మధ్యలో నేను "అబ్బా" అన్నది కూడా లూప్‌లో చేరింది. పెళ్లికొడుకు మేనమామ పాపం భోజనం మధ్యలో లేచి నిజంగానే కారు తీయడానికి వెళ్లాడు. ఇప్పటికీ ఆ ఇంటివాళ్లు కనిపిస్తే "దయచేసి తీయండి" అంటారు నన్ను చూసి.

అందుకే అబ్బయా, ఎవరు పెడల్ గురించి అడిగినా నేను ట్రాకులెన్ని, నిమిషాలెన్ని అని అడగను. ఆపడానికి విడిగా బటన్ ఉందా, లేకపోతే పెట్టుకునే వీలుందా అని అడుగుతాను.

నీ బడ్జెట్‌లో అందరూ చెప్పే రెండు పేర్లు చూద్దాం. బాస్ ఆర్‌సీ-1, టీసీ ఎలక్ట్రానిక్ డిట్టో. డిట్టో అరచేతిలో పట్టేంత. ఐదు నిమిషాల లూప్ పడుతుంది, సౌండ్ శుభ్రంగా ఉంటుంది. కానీ ఒక్కటే బటన్, బయట ఇంకో స్విచ్ తగిలించుకునే జాక్ లేదు, బ్యాటరీ పెట్టే చోటు కూడా లేదు. ఇంట్లో సాధన చేసుకునేవాడికి దాని తర్వాతే ఏదైనా. స్టేజీకి మాత్రం నేను చెప్పను. దాని అన్న డిట్టో ఎక్స్2 ఉంది, దానికి రెండో బటన్ ఉంటుంది. ఎక్కడైనా సెకండ్ హ్యాండ్‌లో మంచిది దొరికితే ఆలోచించొచ్చు.

ఆర్‌సీ-1 కి కూడా ఒక్కటే బటన్, ఒక్కటే నాబ్. పన్నెండు నిమిషాలు రికార్డు అవుతుంది. లూప్ ఎక్కడిదాకా వచ్చిందో గుండ్రంగా తిరిగే లైటు చూపిస్తుంది, ఇది చాలా అక్కరకొస్తుంది. నేను దీనికి ఓటేయడానికి కారణం వేరు. పక్కన బయటి ఫుట్‌స్విచ్ పెట్టుకునే జాక్ ఉంది. దానికి స్విచ్ తగిలిస్తే లూప్ ఒక్క నొక్కుకు ఆగుతుంది. ఆ స్విచ్ కొనేటప్పుడు జాగ్రత్త. బాస్‌వే ఎఫ్ఎస్-5యూ, ఎఫ్ఎస్-5ఎల్ అని రెండున్నాయి, చూడ్డానికి కవలపిల్లలు. యూ అనేది నొక్కి వదిలితే తిరిగి మామూలు స్థితికి వచ్చేది, మనకు కావలసింది అదే. ఎల్ అనేది నొక్కితే నొక్కినట్టే ఉండిపోయేది, గిటార్ యాంప్‌లో ఛానల్ మార్చడం లాంటి వాటికి. షాపువాడు "రెండూ ఒకటే సార్" అంటే నమ్మకు.

ఇంకొంచెం డబ్బు పోగేస్తే బాస్ ఆర్‌సీ-5 వస్తుంది. తొంభై తొమ్మిది లూపులు దాచుకోవచ్చు, లోపల డ్రమ్ రిథమ్‌లు ఉన్నాయి, చిన్న స్క్రీన్ ఉంది. దానికీ బటన్ ఒక్కటే, బయటి స్విచ్ పెట్టుకోవచ్చు. ఆర్‌సీ-500 అయితే రెండు ట్రాకులు, మూడు బటన్లు, మైకు నేరుగా పెట్టుకునే సాకెట్. అది నీ బడ్జెట్ దాటిపోతుంది. ఐదు ట్రాకులున్న ఆర్‌సీ-505 వీడియోల్లో చూసి ముచ్చటపడి ఉంటావు. అది బల్ల మీద పెట్టుకుని చేతులతో నొక్కేది, నోటితో బీట్‌బాక్స్ చేసేవాళ్లకు. రెండు చేతులూ గిటార్ మీద ఉండే మనకు దాంతో ఏం పని? చైనా పెడళ్లు కూడా వాడినవాణ్నే. సౌండ్‌లో పెద్ద లోటు లేదు, కొన్నిటి బటన్ మాత్రం ఏడాది తిరిగేలోపు ఒకసారి నొక్కితే రెండుసార్లు అనుకోవడం మొదలుపెడుతుంది. స్టేజీ మీద అంతకంటే నరకం లేదు.

ఎక్కువ ట్రాకులు మంచిదా అన్నావు. 2004లో స్కాట్లండ్ గాయని కేటీ టన్‌స్టాల్ బీబీసీ టీవీలో ఒక్కతే గిటార్‌తో వచ్చి, కాళ్ల దగ్గర ఆకాయ్ హెడ్‌రష్ అనే పెడల్ పెట్టుకుని, దరువూ వెనక గొంతూ పొరలుగా వేసుకుంటూ పాట కట్టింది. ఆ తర్వాతే చాలామంది లూప్ పెడల్ వైపు చూశారు. దాచుకునే మెమరీలూ నాలుగైదు ట్రాకులూ ఏమీ లేకుండానే జరిగిపోయింది అదంతా. ఇంటర్‌నెట్‌లో ఆ వీడియో దొరుకుతుంది, సౌండ్ కోసం కాదు, కాళ్ల కోసం చూడు. ఎప్పుడు నొక్కుతోందో, ఎంత తక్కువ సార్లు నొక్కుతోందో.

ఇప్పుడు కాలు సంగతి. కొత్తవాళ్లందరూ చేసే తప్పు ఒక్కటే: లూప్ ముగించేటప్పుడు ఆఖరి దెబ్బ మీద నొక్కేస్తారు. తకధిమి తకజణు అని ఎనిమిది లెక్క పెట్టుకుంటే, మొదటి "త" మీద నొక్కి రికార్డు మొదలుపెట్టావు కదా, ముగించాల్సింది "ణు" మీద కాదు. ఆ ఎనిమిది అయిపోయి మళ్లీ వచ్చే "త" మీద. అంటే సమం మీద మొదలుపెట్టి సమం మీదే మూయాలి. "ణు" మీద నొక్కితే లూప్‌లో ఒక దెబ్బ కొరత పడుతుంది, ఏడు లెక్కల వింత తాళం తయారవుతుంది. మృదంగం నేర్చుకున్నవాళ్లకు ఇది చెప్పకుండానే వస్తుంది. గిటార్‌వాళ్లకే కష్టం, ఎందుకంటే మనకు స్ట్రమ్, అంటే తీగలన్నీ కలిపి మీటే దెబ్బ, ఆఖరి పైదెబ్బతో అయిపోయినట్టు అనిపిస్తుంది.

సమానికి కాస్త అటూ ఇటూ నొక్కితే ఏమవుతుంది? నిమిషానికి 96 దెబ్బల వేగం అనుకో. ఒక్కో దెబ్బ 0.625 సెకను. నాలుగు నాలుగుల పదహారు దెబ్బల లూప్ సరిగ్గా 10 సెకన్లు. నువ్వు సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా నొక్కావంటే లూప్ 10.05 సెకన్లు అవుతుంది. కాగితం మీద అది లెక్కలోకి రాదు. చెవికి మాత్రం ప్రతి పది సెకన్లకు ఒకసారి పాట కుంటినట్టు తెలుస్తుంది. ఎనిమిది దెబ్బల లూప్ చేస్తే ఐదు సెకన్లకోసారి కుంటుతుంది. పెద్ద లూప్ చేస్తే కుంటు తక్కువసార్లు వస్తుంది గానీ, అది తయారయ్యేదాకా జనం ఎదురుచూడాలి. నేను పదహారు దెబ్బల దగ్గర స్థిరపడ్డాను.

పెడల్ కొనకముందే దీన్ని ఇంట్లో పరీక్షించుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. వంటింట్లోంచి ఒక స్టీలు మూత తెచ్చి నేల మీద బోర్లించు. ఫోన్‌లో మెట్రోనోమ్, అంటే టిక్ టిక్ అని లెక్క కొట్టే యాప్, పెట్టి, ఇయర్‌ఫోన్ ఒక చెవికి తగిలించుకో. గిటార్ వాయిస్తూ ప్రతి పదహారు దెబ్బలకు ఒకసారి, సమం మీద, బొటనవేలితో మూతను కొట్టు. ఇంకో ఫోన్‌లో ఇదంతా రికార్డు చేసి విను. మూత చప్పుడూ స్ట్రమ్ కిందిదెబ్బా ఒక్కటిగా వినపడితే నువ్వు పెడల్‌కు సిద్ధం. "టఖ్-ఝణ్" అని రెండుగా వినపడితే ఇంకో పది రోజులు మూతతోనే ఉండు. మడమ నేలకు ఆనించి పాదం ముందుభాగంతోనే కొట్టాలి. కాలు మొత్తం ఎత్తి నొక్కేవాడు ఎప్పుడూ ఆలస్యంగానే నొక్కుతాడు, ఒళ్లంతా ఊగుతుంది కాబట్టి పాడే గొంతు కూడా ఊగుతుంది.

ఆపడం మళ్లీ చెప్తాను, ఎందుకంటే ఇదే అసలు పని. బయటి స్విచ్ ఉంటే సమం మీద ఒక్క నొక్కు. లేకపోతే రెండు నొక్కుల్లో రెండోది సమం మీద పడాలి, లూప్ ఆగేది రెండోదానికే. మొదటిది దానికి అర దెబ్బ ముందు వేయాలి. ఆ అర దెబ్బ సేపు ఓవర్‌డబ్ నడుస్తూ ఉంటుంది కాబట్టి తీగల మీద చెయ్యి ఆనించి మూసి పెట్టు. లేదంటే ఆ గీరుడు ముక్క లూప్‌లో పడి, అదే లూప్ రెండో చరణానికి మళ్లీ వేస్తే అక్కడ ప్రత్యక్షమవుతుంది. ఇంకో చిట్కా: లూప్ ఆగిన క్షణంలో హాలు ఒక్కసారి గుండెల్లో ఖాళీ అయినట్టు ఉంటుంది. దాన్ని కప్పడానికి ఆపే నొక్కుతో పాటే చేత్తో ఒక నిండు స్ట్రమ్ కొట్టి మోగనివ్వు. లూప్ పోయినా తీగ మోగుతూ ఉంటుంది, వినేవాళ్లకు పాట ముగిసిందనిపిస్తుందే గానీ మిషన్ ఆగిందనిపించదు.

పాటల ఎంపికలో చాలామంది దెబ్బ తింటారు. ఇంగ్లీషు పాటలు కొన్ని మొదటినుంచి చివరిదాకా నాలుగు కార్డుల (కలిపి మోగించే స్వరాల గుంపులు, chords) మీదే తిరుగుతాయి, లూప్ పెట్టి వదిలేయొచ్చు. మన సినిమా పాట అట్లా ఉండదు. పల్లవి ఒక దారి, చరణం ఇంకో దారి, మధ్యలో బీజీఎం వేరే స్వరాల్లోకి పోయి వస్తుంది. పల్లవి కార్డుల మీద లూప్ పెట్టి చరణంలోకి వెళ్లావంటే లూప్ పల్లవిలోనే ఉంటుంది, నువ్వు చరణంలో ఉంటావు, ఇద్దరూ కొట్టుకుంటారు. ఒక ట్రాకు పెడల్‌తో దీనికి నాకు తెలిసిన దారి ఒక్కటే. కార్డులు లూప్ చేయకు, దరువు లూప్ చెయ్యి. గిటార్ చెక్క మీద అరచేతి మడమతో ఒక బరువు దెబ్బ, తీగల మీద వేళ్లతో ఒక పొడి దెబ్బ, అంతే. దానికి స్వరం లేదు కాబట్టి పల్లవీ చరణమూ బీజీఎం అన్నిటికీ సరిపోతుంది. కార్డులు చేత్తో వాయించు, ఎటు కావాలంటే అటు మళ్లించుకో. నా రెండు గంటల ప్రోగ్రాంలో సగానికి పైగా లూపులు ఈ దరువులే.

మన పెళ్లిపాటలు, జానపదాలు చాలావరకు తిశ్రంలో, అంటే మూడు లెక్కలో, నడుస్తాయి. రిథమ్‌లున్న పెడల్ కొంటే అది మామూలుగా నాలుగు లెక్కలో పెట్టి ఉంటుంది. కొన్నిటిలో నువ్వు ఎక్కడ నొక్కినా దగ్గర్లో ఉన్న దెబ్బకు లాగి సరిచేసే క్వాంటైజ్ ఉంటుంది. తాళం మార్చకుండా తిశ్రం వాయించావో, అది నీ లూప్‌ను నాలుగుకు సాగదీసి ఖాళీ మిగులుస్తుంది. పెడల్‌లో తాళాన్ని ఆరు ఎనిమిదికి (6/8) మార్చుకో, లేదా క్వాంటైజ్ తీసెయ్. ఇక భజనలకు లూప్ పనికిరాదు. భజనలో చివరికొచ్చేసరికి జనమే వేగం పెంచేస్తారు, లూప్ పెరగదు. ఒకసారి దసరా పందిట్లో ప్రయత్నించి, తాళాలు కొట్టే పెద్దాయన నా వైపు చూసిన చూపు తట్టుకోలేక ఆపేశాను.

తబలావాళ్లతో కలిసి వాయించే రోజు వస్తే ఒకటి గుర్తుంచుకో. లూప్ ఎవరి కోసమూ ఆగదు. తబలా ఆయనకు నీ లూప్ వినపడాలి, అంటే ఆయన ముందు మానిటర్‌లో (వాయించేవాళ్ల వైపు తిప్పి పెట్టే స్పీకర్) నీ గిటార్ కొంచెం ఎక్కువ పెట్టించాలి. వినపడకపోతే ఎంత గొప్ప వాద్యగాడైనా నాలుగు ఆవర్తనాల్లో పక్కకు జరుగుతాడు. తప్పు ఆయనది కాదు.

పొరల విషయం తొందరగా చెప్పేస్తాను. మూడు చాలు. మొదటి పొర నువ్వు అనుకున్నదానికంటే మెల్లగా వాయించు. రెండోది పైస్థాయిలో, కపో (మెడ మీద తీగలను నొక్కిపట్టే క్లిప్పు) పెట్టుకుని గానీ గిటార్ మెడ పైకెళ్లి గానీ వాయించు. కింది తీగలు మళ్లీ కొడితే అంతా కలిసిపోయి పప్పులా ముద్దవుతుంది. లూప్ లెవెల్ నాబ్‌ని చేత్తో వాయించేదానికంటే కాస్త తక్కువలో పెట్టు. ఓవర్‌డ్రైవ్, డిలే లాంటి సౌండ్ మార్చే పెడళ్లు ఉంటే లూప్ పెడల్ వాటి తర్వాత రావాలి, అప్పుడే ఒక్కో పొర దాని దాని సౌండ్‌తో పడుతుంది. మోనోనా స్టీరియోనా అనే చర్చ మనకు వద్దు, మండపాల్లో అన్నీ మోనోనే.

శ్రుతి కోసం లూప్ వాడితే మాత్రం నాకు చాలా ఇష్టం. తాళం లేకుండా రాగంగా పాడే విరుత్తం లాంటిది పాడేటప్పుడో, ఆలాపన తీసేటప్పుడో, వెనక స-ప మోగుతూ ఉంటే గొంతుకు ఆనుకోవడానికి గోడ దొరికినట్టుంటుంది. దీనికి కిటుకు ఏమిటంటే, తీగ మీటిన క్షణంలో రికార్డు మొదలుపెట్టకూడదు. ముందు మీటి, మోగుతుండగా నొక్కు. మూసేటప్పుడు కూడా మోగుతుండగానే మూయాలి. రికార్డు అవ్వగానే ఓవర్‌డబ్‌లోకి వెళ్లే సెట్టింగ్ ఉంటే అది పెట్టుకో. అప్పుడు ఆఖరి స్వరం తోక మొదటి స్వరం మీద పడి అతుకు కనపడదు.

కరెంటు గురించి మోడళ్ల కంటే ఎక్కువ చెప్పాలి. మన మండపాల్లో కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు రెండు మూడు సెకన్లు పడుతుంది. లైట్లు మళ్లీ వెలుగుతాయి, ఎవరికీ ఏమీ కాదు. నీ పెడల్ మాత్రం మొదట్నించి లేస్తుంది. మోగుతున్న లూప్ ఆగిపోతుంది, నువ్వు పాట మధ్యలో ఒంటరివి. అందుకే బ్యాటరీ పెట్టే వీలున్న పెడల్ అయితే అడాప్టర్‌తో పాటు లోపల ఆల్కలైన్ 9 వోల్ట్ బ్యాటరీ ఉంచు. చౌక బ్యాటరీలు డిజిటల్ పెడల్‌కు చాలవు, ఆల్కలైన్ కూడా కొన్ని గంటలే. బాస్ చిన్న పెడళ్లలో ఇన్‌పుట్‌లో జాక్ పెట్టి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. ప్రోగ్రాం అవగానే పీకెయ్.

అడాప్టర్ మర్చిపోయిన రోజు మండపం ఆఫీసులో వైఫై రూటర్ అడాప్టర్ కనపడుతుంది. పిన్ను కూడా సరిగ్గా దూరుతుంది. ముట్టుకోకు. అవి చాలావరకు 12 వోల్టులు, లోపలి పిన్ను ప్లస్. పెడళ్లకు కావలసింది 9 వోల్టులు, లోపలి పిన్ను మైనస్. మా ట్రూపులో ఒక అబ్బాయి ఇట్లాగే పెట్టాడు, పెడల్‌లోంచి చిన్న చిటుకు, ఒక వాసన, అంతే. ఇంకొకటి, లూప్ పెడల్‌నూ మిగతా పెడళ్లనూ ఒకే అడాప్టర్‌కు తోకలా కలిపితే స్పీకర్లలో సన్నటి కీచు వస్తుంది. లూప్ పెడల్‌కు విడిగా ఇచ్చుకో.

బుయ్‌మని హమ్ వస్తే కొంతమంది మైక్‌సెట్ వాళ్లు ప్లగ్గు మూడో పిన్ను విరిచేస్తారు. నీ సామాన్లకు అట్లా చేయనివ్వకు, అది ఎర్తు పిన్ను, ప్రాణం కోసం పెట్టింది. గిటార్ తీగ పట్టుకుని మైకుకు పెదవి తగిలినప్పుడు చురుక్కుమందంటే ఎక్కడో ఎర్తు తేడా ఉన్నట్టే. పాట ఆపి చూపించాలి, స్పాంజి తొడిగి సర్దుకోకూడదు. హమ్‌కు మందు డీఐ బాక్సు, గిటార్ సౌండ్‌ను మైకు కేబుల్‌లో పంపేలా మార్చే చిన్న డబ్బా. పెడల్ నుంచి దూరంగా ఉన్న మిక్సర్ దాకా మామూలు గిటార్ కేబుల్ లాగితే గోలంతా మోసుకెళ్తుంది. నీ దగ్గర ఒక చిన్న కేబుల్, ఒక డీఐ బాక్సు, అక్కణ్నించి వాళ్ల మైకు కేబుల్. డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ అని చిన్న మీట ఉంటుంది, హమ్ వస్తే దాన్ని అటూ ఇటూ తిప్పి చూడు, చాలాసార్లు అక్కడే పోతుంది. నీ పదిహేను వేలల్లో డీఐకి కొంత పక్కన పెట్టు. అది నువ్వు కొన్న వస్తువుల్లో అన్నిటికంటే ఎక్కువ కాలం ఉంటుంది.

మైకును లూప్‌లోకి పంపడం మొదటి ఏడాది వద్దు. నా తెల్లకారు కథ విన్నావు. గిటార్ ఒక్కటే పెడల్‌లోకి, గొంతు నేరుగా మిక్సర్‌కి. మానిటర్‌లోంచి వచ్చే శబ్దం కూడా మైకు పట్టుకుంటుంది. నువ్వు కలిపే ప్రతి పొరతో పాత పొరలు మళ్లీ కొంచెం కొంచెం చేరి, మూడో పొరకు హాలంతా బావిలో ఉన్నట్టు మోగుతుంది, ఆపైన కూత మొదలవుతుంది. కూత లూప్‌లో పడితే మిక్సర్ దగ్గర ఎవరూ తగ్గించలేరు.

స్టేజీ మీద తివాచీ కింద స్పాంజి వేస్తారు. పెడల్ అందులో దిగబడి నొక్కినప్పుడల్లా పక్కకు జారుతుంది. నేను ఇంట్లో పూజకు వాడే పాత పీట ఒకటి తీసుకెళ్తాను. పెడల్, ఆపే స్విచ్ రెండూ దాని మీద వెల్క్రోతో అంటించి ఉంటాయి, మధ్య రెండు అంగుళాల ఎడం. మా ఆవిడ మొదట కోప్పడింది, తర్వాత తనే ఇంకో పీట కొనుక్కుంది. రబ్బరు ముక్కలు కింద అతికిస్తే జారదు. చెప్పులు విప్పి వాయిస్తే బటన్ ఎక్కడుందో వేళ్లకు తెలుస్తుంది. పంచె కట్టుకునే రోజు కుచ్చిళ్లు మోకాలి పైకి దోపుకో, అవి పెడల్ మీద పడితే లైటు కనపడదు. సాయంత్రం ఎండలో మైపాడు బీచ్ దగ్గర వాయించినప్పుడు కూడా నాకు లైటు కనపడలేదు, లెక్క మనసులోనే పెట్టుకోవాల్సి వచ్చింది. అక్కడి ఉప్పుగాలికి జాకులు తుప్పు పడతాయి, ఇంటికొచ్చి పొడిగుడ్డతో తుడవాలి.

ఎక్కడ కొనాలి అంటే, వీలైతే చేత్తో చూసి కొను. పినాకిని రైలు ఎక్కితే ఒంగోలు నుంచి నేరుగా చెన్నై. మౌంట్ రోడ్డులో మ్యూసీ మ్యూజికల్ లాంటి పాత షాపులున్నాయి. నీ గిటార్ నువ్వే తీసుకెళ్లు, షాపు గిటార్‌తో చూడకు. అక్కడ పొరలు వేసి మురిసిపోకుండా పదిసార్లు లూప్ మొదలుపెట్టి పదిసార్లు ఆపు. పదిలో తొమ్మిది సమం మీద ఆగితే అది నీ పెడల్. సెకండ్ హ్యాండ్ అయితే బటన్‌ను మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి, అంచు మీద ఒకసారి నొక్కి, ప్రతిసారీ ఒక్క నొక్కుగానే తీసుకుంటుందో లేదో చూడు.

మొత్తానికి నీకు నేను చెప్పేది ఆర్‌సీ-1, దానికి ఎఫ్ఎస్-5యూ, ఒక మామూలు డీఐ బాక్సు. రిసెప్షన్‌లో మొదటి రెండు పాటలకు లూప్ ముట్టుకోకు, మైక్‌సెట్ అబ్బాయి సౌండ్ సర్దుకునేది అప్పుడే. మూడో పాటకు దరువు లూప్ ఒకటి వెయ్యి. ఒకవేళ ఈలోపు నెల్లూరు వైపు వస్తే నా పెడల్ తీసుకుని ఒక సాయంత్రం వాయించి చూడొచ్చు, పీటతో సహా. బ్యాటరీ మాత్రం నువ్వే తెచ్చుకో.